ఎక్కినదెవరు, మోసినదెవరు

ఆ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబుకి ప్రొఫెసర్లు వచ్చారు, పోయారు, ఇద్దరు ముగ్గురు గోడ మీద ఫోటోలు కూడా అయ్యారు. అటెండరు మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్కడే. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉందిగానీ ఆ పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పిల్లలకీ, పాఠాలు చెప్పేవాళ్ళకీ, గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టతనికీ కూడా ఆయన ఖాయం మావయ్యే.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ జీవినైనా చూపిస్తే చాలు, ఆడదో మగదో చెప్పేసేవాడు. కప్పయితే ముందుకాలి బొటనవేలు తడిమి, బొద్దింకయితే తోక చివర ఓసారి చూసి, రంగుచేపయితే తొట్టె దగ్గరికి కూడా వెళ్ళకుండానే. చెప్పి ఊరుకునేవాడా? చివర్న "ఖాయం!" అని ముద్ర కొట్టేవాడు. ఒకసారి పెద్ద ప్రొఫెసరుగారు ఓ కప్పని పట్టుకుని ఇది ఆడకప్ప అని అరగంట పాఠం చెబితే, వెనకాల బల్లలు తుడుస్తున్న ఈయన తలెత్తకుండా "మగదండీ, ఖాయం" అన్నాడట. కోసి చూస్తే మగదే. ఆ రోజు నుంచి ప్రొఫెసరుగారు ముందు మావయ్య మొహం చూసి, ఆ తర్వాతే నోరు విప్పేవారు.

ఆయన మాట తప్పింది ఒక్కసారే. సొంత కూతురు కడుపుతో ఉంటే "మనవడే, ఖాయం" అన్నాడు. మనవరాలు పుట్టింది. "లోపలున్నదాన్ని నేను చూశానా ఏంటి? చూస్తే చెప్పేవాణ్ణి" అని దబాయించి బయటపడ్డాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మరి.

అలాంటి మనిషికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుందనగా కళ్ళ మీద అనుమానం పట్టుకుంది. దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడం మొదలైంది. అందరికీ వచ్చేదే, అదేం పెద్ద రోగం కాదు. కానీ అంతకు ముందు ఏడాదే పక్క ల్యాబు అటెండరు ఒక సీసా మీద చీటీ తప్పు చదివాడని అతన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. పాతికేళ్ళు పనిచేసిన మనిషి ఇప్పుడు వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాసుకుంటున్నాడు. పొద్దున్నే గేటు దాటుతుంటే అతను "ఏం బావా" అని నవ్వుతాడు, ఈయన మాత్రం చూపు తిప్పేసుకుని గబగబా లోపలికి పోతాడు. ఆ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేయడానికి చోటుందని కూడా చూసుకున్నాడు. అందుకని రోడ్డు మీద కళ్ళజోళ్ళ బండి దగ్గర రెండు మూడు పెట్టుకుని చూసి, బాగా కనబడింది ఒకటి కొని, చొక్కా లోపలి జేబులో దాచాడు. చుట్టూ ఎవరూ లేనప్పుడే తీసేవాడు.

సరిగ్గా అప్పుడే ల్యాబుకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటినట్టుంటుంది, నడిస్తే పరిగెత్తినట్టుంటుంది. పెద్దావిడ ఒకరు అప్పటికే ఉన్నారు కనక ఈమె చిన్న మేడమ్ అయింది. ఏడాది ఉద్యోగం ఆమెది. ఆ ఏడాదిలో ఏదైనా కొత్త సంగతి కనిపెట్టి కాలేజీ పెద్దల ముందు పెడితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆమె వెంట వచ్చినవి నలభై నీటినత్తలు. నలభై గాజు సీసాలు, ఒక్కో దాంట్లో ఒక్కో నత్త.

"మావయ్యగారూ, వీటి గుల్లల మీద నంబర్లు వేయాలి. చెయ్యి వణక్కూడదు" అంది.

"నా చెయ్యా? వణకడమా?" అని మావయ్య గోళ్ళ రంగు తెప్పించి, పళ్ళు కుట్టుకునే పుల్ల చివర్తో ఒకటి నుంచి నలభై వరకు వేసేశాడు. కళ్ళజోడు పెట్టుకునే వేశాడనుకోండి, తలుపు గడియ పెట్టి.

పని ఇదీ. నత్తల్ని ఎనిమిది రోజులు ఒంటరిగా ఉంచాలి. తొమ్మిదో రోజు రెండేసి చొప్పున ఒక సీసాలో వదలాలి. కాసేపు ఒకదాన్నొకటి తడుముకుని, ఒకటి రెండోదాని గుల్ల మీదికెక్కుతుంది. గుల్ల మీదే చుట్టూ తిరిగి తిరిగి అంచు దగ్గరికొచ్చి కుదురుకుంటుంది. కాగితం మీద రెండు గడులు: ఎక్కినది, మోసినది. ఏ నంబరు ఎక్కిందో మొదటి గడిలో, ఏ నంబరు మోసిందో రెండో గడిలో. పొద్దున్నే జతలు కలిపి చిన్న మేడమ్ పక్క బిల్డింగులో క్లాసులకి పోయేది, వచ్చేసరికి నాలుగయ్యేది. అంతవరకు చూసేదీ రాసేదీ మావయ్యే. తడిచేతుల్తో చిత్తు కాగితాల మీద రాసింది సాయంత్రం కూర్చుని నోటుబుక్కులో సాపు రాయాలి. మావయ్య రాత ముత్యాల్లా ఉంటుంది, ఆ పనీ ఆయనకే వచ్చింది.

ఇక్కడే ఒక చిన్న సంగతి జరగలేదు. జరిగుంటే ఈ కథే లేదు. ఈ నత్తల్లో ఆడా మగా వేరు లేవని, ప్రతిదీ రెండూనని చిన్న మేడమ్ మావయ్యకి చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇదే గదిలో ఉన్న మనిషికి చెప్పడమేంటని ఊరుకుంది. మావయ్య అడగలేదు. ఆడదేదో మగదేదో తేల్చడం తనకే వదిలేసిందనుకుని పొంగిపోయాడు. గుల్లలు తిప్పి చూశాడు, కొమ్ములు చూశాడు, ఒళ్ళు చూశాడు. ఏ తేడా దొరకలేదు. పైకి అనలేక "కొత్త జాతి, నడవడి చూసి తేల్చాలి" అనుకున్నాడు. ఎక్కింది మగ, మోసింది ఆడ. ఇంకేం కావాలి? మొదటి విడత అలవాటుకి, ఒకటి ఎక్కి దిగగానే విడదీసేశారు; అది అయ్యేసరికి జేబులో చీటీ తయారైంది: మగవి ఇరవై, ఆడవి ఇరవై. ఖాయం!

రెండో విడతలోనూ అవే జతలు; నాలుగో నంబరునీ పదకొండో నంబరునీ కలిపారు. నాలుగు మగది, పదకొండు ఆడది, చీటీలో ఉంది. నాలుగు ఎక్కింది, మావయ్య రాసుకున్నాడు. అరగంటకి దిగింది. ఆయన టీ తాగొచ్చి చూసేసరికి పదకొండు పైనుంది, నాలుగు కింద నత్తలా పడి ఉంది. నత్తే కదా, ఇంకెలా పడుంటుంది లెండి.

మావయ్య జోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు. పదకొండే. సీసా తిప్పాడు. పదకొండే. చిత్తు కాగితం మీద చూసింది చూసినట్టు రాశాడు. సాయంత్రం సాపు రాయబోతుంటే చెయ్యి ఆగిపోయింది. పొద్దున మగదైంది మధ్యాహ్నానికి ఆడదెలా అవుతుంది? ఎక్కడైనా ఉందా? నంబరు తప్పు చూసుండాలి. అయిపోయింది, కళ్ళు పోయాయి. గేటు దగ్గర రెండో స్టూలు కళ్ళ ముందు మెదిలింది. అటూ ఇటూ చూసి, నోటుబుక్కులో మళ్ళీ నాలుగునే పైన రాశాడు, పదకొండుని కింద. తప్పు దిద్దానులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక్కసారితో పోతే బాగుండు! ఆ వారంలో ఏడు జతలు ఇదే వరస. మగదాని సీసా గోడకి గుడ్లు, జిగురు ముద్దలా అంటుకుని ఉన్నాయి. గుడ్ల లెక్క మేడమ్ అడగలేదు కనక, నీళ్ళు మార్చేటప్పుడు ఏ సీసాదో ఏ సీసాలోనో పడిందనుకుని గుడ్డతో తుడిచేశాడు. ఊడ్చే అమ్మాయిని పట్టుకుని "సీసాలు ఇటూ అటూ మార్చావా?" అని నిలదీశాడు.

"నేనెందుకు ముట్టుకుంటాను మావయ్యా? నాకు వాటిని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది" అంది ఆ పిల్ల.

పాపం, ఆయన అవస్థ కుడితిలో పడ్డ ఎలుక అవస్థే. కళ్ళు చెప్పేదొకటి, చీటీ చెప్పేదొకటి. ఏది నమ్మాలి? కళ్ళనా? అవి ఎలాగూ పోయాయి. చీటీయే గట్టిదనుకున్నాడు. ప్రతి సాయంత్రం చిత్తు కాగితం పక్కన పెట్టుకుని, చీటీకి సరిపోనివన్నీ దిద్దుకుంటూ సాపు రాశాడు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. ఆరు నెలలు!

ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా అంటే అదీ లేదు. కూతురూ అల్లుడూ వీళ్ళ పైవాటాలోనే ఉంటారు. కూతురికి పోస్టాఫీసులో కౌంటరు, అల్లుడికి బస్సు డిపోలో టికెట్ల కౌంటరు. బిడ్డకి ఆరు నెలలు నిండొస్తున్నాయి, కూతురి సెలవు అయిపోతోంది. ఇంకో ఆరు నెలలు ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి; అమ్మమ్మ కాసేపు ఎత్తుకోగలదు గానీ రోజంతా ఒక్కతే చూసే ఓపిక లేదు. ఎవరనేదే తగువు.

"తొమ్మిది నెలలు మోశాను, ఆరు నెలలు కాశాను. ఇంక నీ వంతు" అని కూతురు.

"నేను వద్దన్నానా? ఈ సీజన్లో సెలవు పెడితే మా డిపో మేనేజరు నన్ను మింగేస్తాడు. ఇది దాటాక చూద్దాం" అని అల్లుడు.

"నీ సీజన్ ఎప్పుడు దాటిందని?"

మావయ్య భార్య చంటిదాన్ని భుజానేసుకుని అటూ ఇటూ తిరుగుతూ "ఏవండీ, ఊళ్ళో జంతువులన్నిటికీ చెబుతారుగా, వీళ్ళకీ ఒక మాట చెప్పండి" అంది. మావయ్య అన్నం కలుపుకుంటూనే "తల్లే ఉండాలి. ఖాయం" అనేశాడు. కూతురు కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పట్నుంచీ తండ్రితో మాటల్లేవు. ఏదైనా కావాలంటే తల్లితో చెప్పించేది.

సరే, నత్తల పనికీ ఆరు నెలలు నిండాయి. ఒక సోమవారం సాయంత్రం చిన్న మేడమ్ నోటుబుక్కు గుండెలకి హత్తుకుని ల్యాబులోకి పరిగెత్తుకొచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, నవ్వుతోంది కూడా.

"మావయ్యగారూ! అంతా లెక్క తీశాను. మనం ఏం చూశామో తెలుసా? ఇంతవరకు ఎవరూ చూడనిది!"

"ఏంటమ్మా?"

"ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మారలేదు! ఎక్కేవి ఎక్కుతూనే ఉన్నాయి, మోసేవి మోస్తూనే ఉన్నాయి."

"మరి మారవు కదమ్మా. మగవి మగవే" అన్నాడు మావయ్య.

ఆమె పకపకా నవ్వింది. ఆయన హాస్యమాడుతున్నాడనుకుంది. "మీరు మరీను. వీటిలో ప్రతిదీ ఆడదీ, మగదీ రెండూ కదా! అందుకేగా తగువంతా. ఎనిమిది రోజులు ఒంటరిగా ఉంచితే ప్రతిదానికీ ఎక్కాలనే ఆత్రం. ఎందుకుండదు చెప్పండి? ఎక్కి దిగిపోతే దాని పనైపోయింది. గుడ్లు పెట్టే భారం, ఒంట్లో సత్తువ పోవడం, అదంతా మోసినదానికి. అందుకని నేనంటే నేనని పెనుగులాడతాయి. ఎక్కింది ఊరికే కూడా పోదు, కిందిదాని ఒంట్లోకి ఏదో రసం వదిలిపోతుంది. దాంతో కిందిది తర్వాత ఎక్కినా తండ్రయ్యే బలం దానికి తగ్గిపోతుంది. అయినా సరే, మామూలుగా అయితే కిందున్నది ఊరుకోదు. అరగంటకో గంటకో తనూ పైకెక్కి తన వంతు తీర్చుకుంటుంది. ఎంత తరచుగా తీర్చుకుంటుందో చూద్దామనే ఇదంతా మొదలుపెట్టాను. మనవేమో అసలు వంతులే మార్చుకోలేదు! గురువారం పది గంటలకి పెద్దలందరి ముందు చెప్పబోతున్నాను. నా ఉద్యోగం నిలిచినట్టే. మీ పేరు మొదట చెబుతాను, చూస్తూ ఉండండి."

మావయ్యకి దొంగకి తేలు కుట్టినట్టయింది. "ఊఁ" అన్నాడు. ఆమె ఎలా వచ్చిందో అలాగే పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయన నాలుగో నంబరు సీసా ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సీసా గోడకి మళ్ళీ గుడ్లు. రెండూనా? ఒక్క ఒంట్లోనా? అయితే తండ్రి ఎవరు, తల్లి ఎవరు? దీని గుడ్లకి ఇదే తల్లి, పదకొండు గుడ్లకి ఇదే తండ్రా? అప్పుడు పదకొండు దీనికేమవుతుంది? వరసలు కలుపుతూ కలుపుతూ ఆయనకి తల తిరిగిపోయింది. కప్పల్లో ఉన్న బొటనవేలేమైంది, బొద్దింకల్లో ఉన్న తోకేమైంది? ముప్ఫై ఒక్క ఏళ్ళు తను ఖాయం అన్నవన్నీ ఖాయమేనా? చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ కాసేపు ఆయన తన చేతుల్ని కూడా ఇవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

ఉన్నట్టుండి చిత్తు కాగితాలు గుర్తొచ్చాయి. చూసింది చూసినట్టు వాటిమీదే ఉంది! అవి ఉంటే చాలు, ఆమె గట్టెక్కుతుంది. లేచి వెనక గదిలోకి పరుగు తీశాడు. అక్కడ ఇంకో విద్యార్థి పెంచుతున్న పెద్ద తోటనత్తల తొట్టి ఉంది. కాగితం పారేసే అలవాటు లేని మనిషి కదా, సాపు రాయడం అవగానే ఆ చిత్తు కాగితాలన్నీ ఆ తొట్టి అడుగున పరిచేవాడు. మూత తీసి చూశాడు. తోటనత్తలకి కాగితమంటే కాబేజీ ఆకుతో సమానం. అంచులు కొరికి, మధ్యలు బొక్కలు చేసి, ఆరు నెలల కాగితాలూ తినేశాయి. వెదికితే అరచేతి వెడల్పు ముక్కలు మూడు దొరికాయి. ఒకదాని మీద "ఎక్కినది 11" అని ఉంది. పక్క గడి లేదు.

ఆ ముక్క జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మంగళవారం చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. బుధవారం రెండుసార్లు ఆమె గది దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చెబితే ఆమె కొంప మునుగుతుంది, తనకి స్టూలు ఖాయం. చెప్పకపోతే? ఆమె పెద్దల ముందు నిలబడి అబద్ధం చెబుతుంది, అది అబద్ధమని కూడా ఆమెకి తెలీదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. అసలు తను చేసింది తప్పేనా? తప్పు దిద్దుతున్నానని కదా దిద్దాడు! తప్పు దిద్దడం తప్పెలా అవుతుంది? అక్కడికొచ్చి ఆలోచన తెగిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది.

బుధవారం సాయంత్రం కూతురు తనంతట తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాన్నా, సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్ళాలి. కోపం పక్కన పెట్టి అడుగుతున్నా. ఎవరుండాలంటావ్? ఆలోచించి చెప్పు."

మావయ్య చాలాసేపు ఆలోచించాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు.

కూతురు చటుక్కున లేచి ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసింది. "అమ్మా, నాన్నకి ఒంట్లో బాగున్నట్టు లేదే!"

గురువారం తొమ్మిదింటికి చిన్న మేడమ్ గదిలో కాగితాలు వరసగా పేర్చుకుంటోంది. మావయ్య గుమ్మంలోనే నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాడు. "అమ్మా, అవి మారాయి. నేనే మారనట్టు రాశాను."

ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. మూడోసారి చెప్పేటప్పటికి ఆమె మొహంలో రక్తం చుక్క లేదు.

"ఎన్ని మార్చారు?"

"లెక్క పెట్టలేదమ్మా. చాలా."

"చిత్తు కాగితాలో?"

మావయ్య జేబులోంచి ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మిగతావి ఏమయ్యాయో చెప్పాడు. ఆమె ఆ ముక్కని తిప్పి చూసింది, వెనక ఖాళీ. తర్వాత ఒక్కసారిగా అరిచింది. "ఆరు నెలలు మావయ్యగారూ! ఆరు నెలలు! ఎందుకు చేశారీ పని? మీకు నేనేం అపకారం చేశాను?"

"నా కళ్ళు పోయాయమ్మా" అన్నాడు మావయ్య. ఇంక దాచడానికేముంది? "చీటీలో నాలుగు మగది. పదకొండు పైనున్నట్టు కనబడింది. కళ్ళే తప్పు చూస్తున్నాయనుకున్నాను. తెలిస్తే నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారని... నేను చూసింది నేనే నమ్మలేదమ్మా."

లోపలి జేబులోంచి జోడు తీసి ఆమెకి చూపించాడు, దొంగసొత్తు అప్పగించినట్టు.

ఆమె లేచింది. ఆయన మోచెయ్యి పట్టుకుని ల్యాబులోకి నడిపించింది. "పెట్టుకోండి జోడు. ఇక్కడే నిలబడండి" అని, తను సీసాల అరల దగ్గరికెళ్ళింది. ఒక సీసా తీసి, దాని మీది చీటీని అరచేత్తో మూసి, ఎత్తి పట్టుకుంది. "గుల్ల మీద ఎంత?"

"పదిహేడు."

ఇంకోటి ఎత్తింది. "ముప్ఫై రెండు." ఇంకోటి. "ఎనిమిది." ఒక అడుగు వెనక్కేసింది. "ఇరవై ఆరు... అమ్మా, ఇరవై ఆరు మీద ఆరు చెరుగుతోంది, మళ్ళీ రంగెయ్యాలి."

పన్నెండు సీసాలు ఎత్తింది. పన్నెండూ సరిగ్గా చెప్పాడు. ఆమె చివరి సీసా అరలో పెట్టేసింది.

"మీ కళ్ళు బంగారంలా ఉన్నాయి మావయ్యగారూ" అంది. "మీరు చూసిందంతా నిజం. ప్రతిదీ నిజం. నాకు కావలసింది అదే. అది మీరొక్కరే చూశారు."

మావయ్య కింద కూలబడిపోయి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. కళ్ళు బాగున్నందుకు అలా ఏడ్చిన మనిషిని ఆ ల్యాబు గోడలు చూసుండవు.

పది గంటలకి ఆమె పెద్దల ముందుకు వెళ్ళింది. రాతలో పొరపాటు జరిగింది, ఫలితం లేదు అని రెండు ముక్కల్లో చెప్పి వచ్చేసింది. ఎవరి పొరపాటని వాళ్ళు అడిగారట. "నాదే. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాల్సింది చెప్పలేదు" అందట. ఆ మాట పెద్ద మేడమ్ ద్వారా సాయంత్రానికి మావయ్య చెవిన పడింది. ఆమెకి నాలుగు నెలలు గడువిచ్చారు. పని ఆరు నెలలది. ఎలా సరిపోతుందో ఆమెకీ తెలీదు, ఎవరికీ తెలీదు.

సోమవారం మావయ్య గేటు దాటుతూ స్టూలు మీది మనిషికి తనే ముందు "ఏం బావా" అన్నాడు. జోడు మొహం మీదే ఉంది. అతను "ఇదెప్పట్నుంచి?" అని అడిగితే "చాన్నాళ్ళయింది" అన్నాడు. ఇంటి సంగతి అడిగినవాళ్ళకి మాత్రం, ఈ వారం అల్లుడు సెలవు పెట్టాడు, వచ్చే వారం సంగతి మీద ఇంకా అరుచుకుంటున్నారు అని చెప్పాడు.

నత్తలు ఎనిమిది రోజుల ఒంటరితనం పూర్తి చేసి సిద్ధంగా ఉన్నాయి. చిన్న మేడమ్ క్లాసులన్నీ ఎవరికో అప్పగించి, కొత్త నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాపు రాయడం లేదు, చిత్తు లేదు. ఆయన చూసి చెప్పాలి, ఆమె రాయాలి, అంతే. మొదటి జత నాలుగూ పదకొండూ.

కాసేపు తడుముకున్నాయి. నాలుగు ఎక్కింది, ఆయన చెప్పాడు, ఆమె రాసింది. అరగంటకి నాలుగు దిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పదకొండు ఒళ్ళు బారుగా చాచి, అటు పోదామా ఇటు పోదామా అన్నట్టు కాసేపు తచ్చాడి, నెమ్మదిగా నాలుగు గుల్ల మీదికి పాకింది.

మావయ్య నోరు తెరిచి, మూశాడు.

"ఏంటి మావయ్యగారూ?" అంది ఆమె, కలం పట్టుకుని. "పదకొండేనా? ఖాయమేనా?"

ఆయన వంగి, సీసాకి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు.

"ఖాయమో కాదో నాకు తెలీదమ్మా" అన్నాడు. "నా కళ్ళకి మాత్రం పదకొండే కనబడుతోంది. రాసుకోండి."